ఎడమ చేతి రెండు వేళ్ళు

అనీష్‌కి కావలసిందల్లా ఒక సంతకం. అందుకే 2013 మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం అమెరికాలోని నోవై ఊళ్ళో జయంతి ఆంటీ ఫిజియోథెరపీ క్లినిక్‌కి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, మూడువందల పౌండ్ల బరువు. పరీక్ష బల్ల మీద కూర్చుంటే పాపం ఆ బల్లే బిక్కచచ్చిపోయింది.

కెనడాలో ఫుట్‌బాల్ ఆడడం అతని ఉద్యోగం, కాళ్ళతో తన్నేది కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. బంతి విసిరే ఆటగాణ్ణి అవతలివాళ్ళు పడగొట్టకుండా అయిదుగురు అడ్డుగోడగా నిలబడతారు. అందులో ఎడమ చివరివాడు అనీష్. అమెరికా టీములేవీ తీసుకోకపోతే సరిహద్దు దాటాడు. అక్కడి ఆటలో రెండు వరసల మధ్య గజం ఖాళీ ఉంటుంది. ఎదుటివాడు ఆ గజమంతా వేగం పుంజుకుని వచ్చి గుద్దుతాడు. ఏడేళ్ళుగా ఆ గుద్దులు తింటున్నాడు. బాగా ఆడితే ఎవరికీ పట్టదు, తప్పు చేస్తే మాత్రం మైకులో చొక్కా మీది నంబరు చదువుతారు. ఇదేం కొలువో దాన్ని కనిపెట్టినవాడికే తెలియాలి. వాళ్ళ నాన్న కోటేశ్వరరావు కార్ల కంపెనీలో ఇంజనీరు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఎవరైనా అడిగితే "మావాడు కెనడాలో కాంట్రాక్ట్‌లో ఉన్నాడండీ" అనేసి పులిహోర వైపు నడుస్తాడు. విన్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ అనుకుంటే ఆయన తప్పు కాదు.

పోయిన అక్టోబరులో ఒక గుద్దుకి అనీష్ మెడ విరిగినంత పనైంది. భుజం నుంచి వేళ్ళ దాకా కరెంటు పాకింది. కాసేపటికి అది పోయింది కానీ, ఎడమ చేతి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ స్పర్శ తిరిగి రాలేదు. ముడిస్తే ముడుచుకుంటాయి, చాపితే తెరుచుకుంటాయి, ఏది తగిలినా వాటికి తెలియదు. ఎవరికీ చెప్పలేదు. టీమ్ ట్రైనర్‌తో మెడ పట్టేసిందని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాట రికార్డులోకి ఎక్కింది. ఈ సీజన్ క్యాంపు మొదలయ్యేలోగా ఫిజియోథెరపిస్టు చేత రెండు చేతులకీ స్పర్శ పరీక్ష చేయించి ఫారం పంపాలి, లేకపోతే కాంట్రాక్ట్ రద్దు. ముప్పైలో పడబోతున్న ఆటగాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈ టీమ్ వదిలేస్తే ఇంకే టీమూ తీసుకోదు.

అమెరికాలో పుట్టి పెరిగినా ఈ ఒక్క విషయంలో అనీష్ అచ్చంగా మనవాడే. చుట్టుపక్కల ఇరవైమంది ఫిజియోథెరపిస్టులుండగా, తెలిసినావిడ కదా, మొహమాటానికైనా సంతకం పెట్టేస్తుందని అయిదో తరగతి నుంచీ ఎరిగిన ఆంటీ దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, జస్ట్ సైన్ చేస్తే చాలు. నేను ఫైన్."

"ఫైనో కాదో చూడ్డానికే కదరా నాకు లైసెన్స్ ఇచ్చింది. చెయ్యి ఇలా పెట్టు."

"మమ్మీ మీకు హలో చెప్పింది."

"పొద్దున్నే ఫోన్లో చెప్పిందిలే. ముందు చెయ్యి పెట్టు."

చిన్న దిండు మీద చెయ్యి వెల్లకిలా పెట్టించి, ప్లాస్టిక్ పిడికి బిగించిన సన్నటి నైలాన్ దారం తీసింది జయంతి. "కళ్ళు మూసుకో. ఇది తగిలినప్పుడల్లా 'ఎస్' అను."

కుడిచెయ్యి అయిపోయింది. ఎడమ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయ్యాయి. తరవాత ఏమీ తెలియలేదు. కానీ గాజులు గల్లుమన్నాయి. ఆవిడ చెయ్యి వంచినప్పుడల్లా దారం కంటే ముందు గాజులు పలుకుతున్నాయని అనీష్ ఎప్పుడో పసిగట్టాడు. ముప్పైవేలమంది అరుపుల్లో బంతి విసిరేవాడి ఒక్క గొంతు కోసం చెవి రిక్కించడమే కదా అతని పని.

"ఎస్," అన్నాడు.

మళ్ళీ గల్లుమన్నాయి. "ఎస్." ఇంకోసారి. "ఎస్."

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. మోసం చేస్తున్నానన్న సిగ్గు లేదు, దొరికిపోతానన్న భయమూ లేదు. అక్టోబరు నుంచీ లోపల కూడా అతనికి ఏదీ తగలడం లేదు.

నాలుగోసారి "ఎస్" అన్నాక ఆవిడ "కళ్ళు తెరు" అంది. దారం పక్కనున్న ట్రేలో పడి ఉంది. గాజులున్న ఆవిడ చెయ్యి ఆవిడ చెవి దగ్గరే, గాలిలో ఉంది.

"నాలుగుసార్లూ నిన్ను ముట్టుకోనేలేదురా," అంది. "నేనేమైనా పిచ్చిదాన్ననుకున్నావా?"

"ప్లీజ్ ఆంటీ. ఒక్క సీజన్."

"ఇంకో దెబ్బ అక్కడే తగిలితే చెయ్యి మొత్తం పడిపోవచ్చు, తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"నాకు వేరే ఏం రాదు, ఆంటీ. ఇదొక్కటే వచ్చు."

జయంతి లేచింది. సింక్ దగ్గరికి వెళ్ళి, చేతికి సబ్బు రాసుకుని, బిగుసుకుపోయిన గాజులు ఒక్కొక్కటే లాగి సొరుగులో పడేసింది. వచ్చి కూర్చుంది. "మళ్ళీ మూసుకో."

మూసుకున్నాడు. ఎక్కడో ఏసీ హోరు. చెవి రిక్కించాడు. ఆవిడ కట్టింది చీర కాదు, రెపరెపలాడడానికి. కుర్చీ కిర్రుమనలేదు. ఆవిడ ఊపిరి కూడా వినపడలేదు. ఏడేళ్ళలో ఏ పిలుపూ లేకుండా ఇంతసేపు అతను ఎన్నడూ కదలకుండా కూర్చోలేదు. నిమిషం గడిచిందో, రెండు గడిచాయో.

"స్టార్ట్ చెయ్యండి, ఆంటీ," అన్నాడు.

కళ్ళు తెరిచాడు.

అతని చిటికెన వేలు ఆవిడ పిడికిట్లో ఉంది. బలంగా నొక్కి పట్టుకుంది. గోరు దిగినచోట చర్మం ఎర్రగా గుంట పడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎప్పట్నుంచి పట్టుకున్నారు?"

"నువ్వు కళ్ళు మూసుకున్న దగ్గర్నుంచీ."

తనకి ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. కుడిచేత్తో ఫారం ఆవిడ వైపు జరిపాడు.

"ఉన్నది రాయండి, ఆంటీ."