మీగడ నీళ్ళు

చుట్టూ నీళ్ళే. ఒక పక్క సముద్రం, ఒక పక్క రొయ్యల చెరువులు. అయినా నరసాపురం దిగువన ఉన్న ఆ జాలరిపేటలో గుక్కెడు మంచినీళ్ళకి దిక్కులేదు. మరమ్మతులంటూ కాలవ కట్టేశారు, కుళాయి ఎండిపోయింది. టాంకరు ఇదిగో అంటారు, అదిగో అంటారు. అనేవాళ్ళకేం, వాళ్ళ గొంతులు తడిగానే ఉన్నాయి!

ఇక మిగిలింది సరుగుడు తోట వెనక ఇసుకలో ఉన్న చెలమ ఒక్కటే. చెలమంటే ఏమనుకున్నారు, అదో వింత. పోయినేడు కురిసిన వాన మోకాలి లోతు ఇసుక కింద తియ్యగా నిలిచి ఉంటుంది. దాని కిందే ఉప్పునీరు. పాల మీద మీగడలా పైది పైన, కిందది కింద. ఆ మీగడని కొబ్బరిచిప్పతో పైపైన తీసుకోవాలి, మళ్ళీ ఊరేదాకా ఓపిక పట్టాలి. పార దగ్గరికి రానివ్వకూడదు. ఇది పేటలో ఆడవాళ్ళ కట్టుబాటు. మగవాళ్ళు ఏనాడూ నీళ్ళకి వెళ్ళరు, వాళ్ళకీ సంగతి పట్టదు.

ఆ రోజు మరిడమ్మ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. ఏడాది నిండని మనవరాలికి ఒకటే విరేచనాలు. నర్సమ్మ ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి, "మంచినీళ్ళలోనే కలపండి, ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు" అని చెప్పి వెళ్ళింది. ఇంట్లో చుక్క లేదు. చెలమలో చూస్తే తడి తప్ప ఏమీ లేదు. మొగుడు పెదబాబుని అక్కడ కూర్చోబెట్టి, "ఊరగానే కేకెయ్యి మావా" అని ఇంటికి పరిగెత్తింది.

కాసేపటికే కేక వినిపించింది.

"రావే మరిడీ! బిందె నిండిపోయింది!"

పెదబాబు నడుంలోతు గోతిలో నిలబడి ఉన్నాడు. చేతిలో పార. మొహం నిండా నవ్వు. మరిడమ్మ బిందె మీదికి వంగింది. దోసెడు తీసి నోట్లో పోసుకుంది. ఉప్పు! ఉమ్మేసి మళ్ళీ పోసుకుంది. ఉప్పే.

"కొంప ముంచావు కదయ్యా!"

"నీళ్ళు పడ్డాయి కదే..."

"సముద్రంలో లేవా నీళ్ళు? మళ్ళీ వానలు పడితేగాని ఇది తియ్యనవదు. పేటందరి నోట్లో మట్టి కొట్టావు!"

"పిల్ల కోసమేనే" అంటూ ఆయన గోతిలోనే కూలబడి ఏడ్చాడు. ఆమె ఉప్పునీళ్ళ బిందె అక్కడే వదిలేసి వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి గడపలో పక్కింటి జ్ఞానమ్మ ఉంది. నిన్ననే చెలమ దగ్గర వంతు కోసం ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇప్పుడామె చేతిలో పెద్ద చెంబుడు నీళ్ళు.

"మా ఇంట్లో ఉన్నవి ఇవే. కలిపి పట్టండి. నాకేంటే, ఇప్పుడు వంతు నాదేగా, వెళ్ళి తోడుకుంటాను" అంది.

మరిడమ్మ కూతురు వీరదుర్గ గబగబా పొడి కలిపి చెంచాతో పట్టింది. పిల్ల గుటక వేసింది. జ్ఞానమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని బయల్దేరింది.

మరిడమ్మ ఆ బిందె పట్టుకుని ఆపింది.

"వెళ్ళకు వదినా. చెలమ ఉప్పైపోయింది. మా ఆయనే తవ్వేశాడు."

జ్ఞానమ్మ బిందె కిందికి దించింది. చెంబులో ఇంకా సగానికి పైగా ఉన్న నీళ్ళ వంక చూసింది. తిరిగి అడుగుతుందేమోనని మరిడమ్మ భయపడింది. జ్ఞానమ్మ ఎండిన పెదాలు తడుపుకుంది.

"పట్టవే అమ్మాయ్," అంది వీరదుర్గతో. "చుక్క కింద పోనివ్వకుండా పట్టు."