అందరి పేర్లూ ఉన్న రాయి

నేను ఒక నల్లరాతి పలకను. కొండలో ఉన్నంతకాలం నాకు ధర లేదు. కోసి, సానపట్టి, శేషాచారి దుకాణంలో గోడకు ఆనించిన రోజున సరుకునయ్యాను. శేషాచారి గట్టి వ్యాపారి. వంటగట్టుకు పోయే రాయికి రోజూ తుడుపు ఉంటుందని, సమాధికి పోయేదానికి ఏడాదికోసారి కడుగుడు ఉంటుందని, శంకుస్థాపనకు పోయేదానికి ఒక్కపూట పూలదండ తప్ప ఏమీ ఉండదని కొనేవాళ్లతో అంటుండేవాడు. లాభనష్టాలు చూసుకోవడం నేను ఆయన దగ్గరే నేర్చాను. కాబట్టి నా బతుకునూ అదే పద్ధతిలో చెబుతాను.

నన్ను బేరం చేసింది మా నగర మేయర్ చెన్నుబోయిన కరుణావతి. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ మునిసిపల్ ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సు. ఓటడగడానికి వెళ్తే ప్రతి వీధిలోనూ ఆవిడ చేతుల్లో పుట్టినవాడొకడు ఎదురొచ్చేవాడట. మేయరయ్యాక చెత్తకుప్పను ఊళ్లోంచి తీయించింది. కుళాయిల దగ్గర బిందెలు విసురుకునే కొట్లాటలు లేకుండా వీధివీధికీ నీళ్లకు వేళలు పెట్టింది. రోడ్లూడ్చే ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు కట్టించింది. ఇవన్నీ జమలే. మిగిలిపోయింది ఒక్కటే, రాళ్లగుట్ట కాలనీలో కాన్పుల ఆసుపత్రి.

రాళ్లగుట్ట ఊరికి ఆ చివర. దారి నిలువుగా ఉంటుంది. నొప్పులొచ్చిన మనిషిని ఆటోలో కిందికి తెచ్చేలోపు ఏదో ఒకటి అయిపోయేది. బండరాళ్ల మధ్య చదునైన జాగా అక్కడ ఒక్కటే ఉంది. దాంట్లో మేకల కొట్టాలు ఉండేవి. ఆసుపత్రి అనగానే కాలనీవాళ్లే వాటిని పీకేశారు. మొదట పీకింది ఆదెమ్మ. ఆమె పెద్దకూతురు ఆ దారిలోనే, ఆటోలోనే పోయింది. చిన్నకూతురు సుందరి అప్పటికి పెళ్లికెదిగింది.

శంకుస్థాపనకు నా మీద అక్షరాలు చెక్కింది ఖాసిం. మొదట పైన పెద్దగా 'ప్రసూతి ఆసుపత్రి' అనీ, కింద మేయర్ పేరూ, ఆ కింద శాసనసభ్యుడి పేరూ అనుకున్నారు. ఇక్కడే మొదలైంది తగువు. శాసనసభ్యుడి పేరు మేయర్ కింద ఎట్టా ఉంటుందని ఆయన మనుషులు వచ్చారు. పార్లమెంటు సభ్యుడిని మరిచారని ఇంకొకరు వచ్చారు. డిప్యూటీ మేయరు తన పేరు ముందు 'శ్రీ' ఉంటే చాలదనీ, 'గౌరవనీయులు' కావాలనీ అలిగాడు. ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. వచ్చే ఎన్నికల ప్రకటన వెలువడితే ఇక కొబ్బరికాయ కూడా కొట్టకూడదు.

చివరికి అందరి పేర్లూ, అందరి గౌరవాలూ, అందరికీ ఒకే సైజు అక్షరాలూ అని రాజీ కుదిరింది. ఖాసిం నా మీద సుద్దముక్కతో గీతలు గీసి, కొలిచి, తల గోక్కుని కరుణావతి వైపు తిరిగాడు.

"అమ్మా, అందరూ పట్టారు గానీ ఆసుపత్రి పట్టడంలా. ఒక వరస తీసెయ్యాల. ఎవరిది తియ్యమంటారు?"

"నాది తియ్యి."

"మీది తీస్తే రాయి ఎవరు పెట్టినట్టు? అది కుదరదంటన్నారు ఆఫీసులో."

ఆవిడ వేలితో నా పై అంచు చూపించింది. "అయితే పైన వరసే తీసెయ్యి. ఆసుపత్రి కట్టినాక ఆసుపత్రని రాయి చెప్పాల్నా? కనపడదా ఏంది?"

మనుషులు ఏ పని చేసినా ముందు పేర్లకు చోటు చూసుకుంటారని నాకు అప్పటికే తెలుసు. పేర్లు పెట్టుకోవడానికే చోటంతా అయిపోవడం మాత్రం కొత్తగా చూశాను. ఫలానా వారి అధ్యక్షతన, ఫలానా వారి సమక్షంలో, మేయర్ కరుణావతి గారి కరకమలములచే శంకుస్థాపన చేయబడినది అని చెక్కారు. దేనికి శంకుస్థాపనో లేదు. ఆ పూట దండ వేశారు. ఆదెమ్మ నాకు పసుపు రాసి దండం పెట్టింది. అంత మర్యాద నాకు మళ్లీ దక్కలేదు.

ఎన్నికల్లో ఆవిడ ఓడింది. ఓడించింది ఎవరో కాదు, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. వచ్చిన పాలకవర్గం పాత తీర్మానాలన్నీ పక్కన పెట్టింది. చదునైన జాగా, పక్కనే తారురోడ్డు, కింద ఊరంతా కనిపించే చోటు. ఫంక్షన్ హాలుకు ఇంతకన్నా అనువైనది దొరకదని తేల్చారు. వ్యాపారపు లెక్కన అది తప్పు కాదు. పెళ్లిళ్లు ఆదాయం, పురుళ్లు ఖర్చు.

పునాదులు తవ్వడానికి యంత్రం వచ్చిన రోజున కాలనీ ఆడవాళ్లు దానికి అడ్డం కూర్చున్నారు. కమిషనర్ వచ్చాడు. ఆదెమ్మ ఆయన్ని నా దగ్గరకు తీసుకొచ్చి, ఇది ఆసుపత్రి జాగా, రాయి చూసుకో అంది. ఆమెకు చదువు రాదు. ఆయన కళ్లజోడు సరిచేసుకుని ఒక్కొక్క వరసే చదివాడు. కబురు అందుకుని కరుణావతి కూడా అప్పటికే పైకి వచ్చింది.

"ఆసుపత్రి అని ఎక్కడుందమ్మా దీంట్లో?" అన్నాడాయన.

"నేనే పెట్టించానయ్యా ఈ రాయి" అంది కరుణావతి.

"మీరు పెట్టించారని ఉంది మేడం. ఏం పెట్టించారో లేదు."

ఆయన మాటలో వెటకారం లేదు. ఉన్నదే చెప్పాడు. ఆదెమ్మ కరుణావతి వైపు తిరిగింది. యంత్రం మళ్లీ కదిలింది.

హాలు లేచాక పేరు కావాల్సి వచ్చింది. కాలనీ చల్లబడాలంటే పాత మేయర్ పేరే మేలని ఎవరో బుద్ధిమంతుడు చెప్పాడు. ఆవిడ సేవలకు పౌరసన్మానమూ మంత్రి వచ్చే ప్రారంభోత్సవంలోనే అన్నారు. కరుణావతి మొదట రానంది. తరవాత ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో సన్మానానికి ముందురోజు ఆదెమ్మతో నా పక్కనే నిలబడి చెప్పింది. అంత హాలులో కాన్పులకు ఒక్క గది, ఒక మంచం, ఒక నర్సు. మైకు చేతికొస్తే మంత్రి ముందే అడిగేస్తుందట, జనం ముందు కాదనలేరట. సుందరి అప్పుడు కడుపుతో ఉంది.

నన్ను పీకి హాలు ప్రవేశద్వారం గోడలో బిగించారు. శంకుస్థాపన చేసినావిడ పేరే హాలుకు పెట్టారని, చూసినవాళ్లకు కథ కుదిరింది. అబద్ధానికి నేను సాక్ష్యమయ్యాను. నా ఖాతాలో అతిపెద్ద నష్టం అదే.

సన్మానంలో శాలువా తరవాత శాలువా కప్పారు. తలమీద వెండి రంగు కిరీటం పెట్టారు. చెత్తకుప్ప తీయించిందని ఒకరు, నీళ్లిచ్చిందని ఒకరు ఆవిడ సేవలన్నీ చెప్పారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆవిడ వంతు వచ్చేసరికి మంత్రి లేచి కారెక్కడానికి చూస్తున్నాడు. దండల బరువుకు వంగిపోయి, ఆవిడ మైకు పట్టుకుంది.

"నాకు ఒక్క గది ఇప్పించండి అయ్యా. ఈ హాల్లోనే, ఒక్క గది..."

వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు. "మేడం గారి కోరిక ఎంత చిన్నదో చూడండి. వారి ఫొటోలకూ జ్ఞాపికలకూ ఒక గది తప్పకుండా కేటాయిస్తామని మంత్రిగారు ఇప్పుడే సెలవిచ్చారు."

చప్పట్లు మోగాయి. ఆవిడ ఇంకా ఏదో అంటోంది. మైకు అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో ఉంది. అన్నమాట ప్రకారం గది ఇచ్చారు. నా ఎదురుగానే. శాలువాలు, కిరీటం, ఫొటోలు అందులో పెట్టి తాళం వేశారు.

ఎండాకాలంలో ఒక పెళ్లిరోజున సుందరికి నొప్పులొచ్చాయి. దారికి రెండువైపులా కార్లు. ఆటో హాలు గేటు ముందే ఆగిపోయింది. పెళ్లికొచ్చిన ఆడవాళ్లు మంచివాళ్లే. పట్టుచీరల కొంగులు చుట్టూ తెరలా పట్టారు. ఆదెమ్మ పరుగెత్తుకొచ్చి ఆ గది తలుపు బాదింది. తాళంచెవి మేనేజరు దగ్గరుంది, మేనేజరు ఊళ్లో ఉన్నాడు. సుందరి బతికింది. బిడ్డ ఏడవలేదు.

మర్నాడు కరుణావతి ఖాసింను వెంటబెట్టుకుని వచ్చింది. రాయి మీద తన పేరు చెక్కి తీసేయమంది. అతను నన్ను తడిమి, ఆ వరస లోతుగా ఉందని, అయినా గంటలో తీసేస్తానని ఉలి తీశాడు. కాపలావాడు ప్రభుత్వ ఆస్తి అంటూ అడ్డం వచ్చాడు. ఆవిడ వాడితో వాదిస్తుండగా ఆదెమ్మ లోపలికొచ్చింది. నిన్న మాసిన మెట్లు కడగడానికి ఆమెనే పిలిచారు.

"పేరు తీసేస్తే గది తెరుస్తారా అమ్మా?" అని అడిగింది.

ఖాసిం ఉలి సంచిలో పెట్టుకున్నాడు. కరుణావతి మెట్ల పక్కన తడి తగలని చోట కూర్చుంది. ఆదెమ్మ కడుగుతూ ఆ చోటిదాకా వచ్చి, లేవమని చెప్పకుండా, చుట్టూ కడిగి వెళ్లిపోయింది.

కరుణావతి మళ్లీ రాలేదు. ఇప్పుడు పెళ్లివాళ్లు నా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, నా నునుపులో జుట్టు సరిచేసుకుంటారు. పేర్లు ఎవరూ చదవరు. నల్లరాయి ఎండకు వెలిసిపోదు, వానకు అరగదు. ఈ హాలు కూలిపోయినా, కరుణావతి శంకుస్థాపన చేసిందన్న ఈ మాట, దేనికో చెప్పకుండా, ఇట్లాగే ఉంటుంది.