బొమ్మ పోలీసు

ఖర్చులు తగ్గించమని పైనుంచి ఉత్తర్వు రావడంతో మార్కెట్ మలుపులోని పోలీసు ఔట్‌పోస్టు మూసేశారు. అక్కడి కానిస్టేబుల్ లాఠీ ఎత్తగా ఎవరూ చూడకపోయినా, బజారంతా ఆమెను లాఠీ అక్క అనేది. ఆమెను స్టేషన్‌లో ఫైళ్లు సర్దే పనికి వేశారు. అంతకుముందు గోడ పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీశారు. వారం తిరిగేసరికి ఆమె చోట, ఆ ఫోటోతోనే చేసిన, ఆమె ఎత్తే ఉన్న అట్టబొమ్మ వెలిసింది.

"అదేం చేస్తుంది సార్?" అని అడిగింది లాఠీ అక్క.

"నువ్వు మాత్రం ఏం చేసేదానివమ్మా? నిలబడటమేగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అదైతే టీ అడగదు, సెలవు అడగదు."

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే తర్వాత గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నిలబడటమంటే ఏమిటో ఎవరికి చెబుతుంది? సాయంత్రం మందుల షాపు పిల్ల బస్టాపుకు నడుస్తుంటే ఎర్ర బండివాడు వెనకే వచ్చేవాడు. లాఠీ అక్క గొంతు సవరించుకునేది, అంతే. బండి పక్క సందులోకి తిరిగేది. ఆ చిన్న దగ్గుకు ఏ లెక్కలోనూ చోటు లేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల స్టేషన్‌కు వచ్చింది.

"మొదట్లో బొమ్మను చూసి వాడూ భయపడ్డాడక్కా. తర్వాత దగ్గరికెళ్లి వేలితో తట్టి చూశాడు. నిన్న నీ భుజం మీద చెయ్యేసి, 'మీ అక్క ఏమీ అనట్లేదే' అన్నాడు."

"నా భుజం కాదే, బొమ్మది."

"ఏమో, మొహం నీదేగా. రేపట్నుంచి పని మానేయమంటోంది మా అమ్మ."

లాఠీ అక్క చెయ్యి తనకు తెలియకుండానే భుజం తుడుచుకుంది. దిష్టిబొమ్మకు కాకులైనా నాలుగు రోజులే బెదురుతాయి. తన మొహంతోనే ఈ పిల్లను మోసం చేశారు. ఆ ఫోటోకి తను బొత్తాలు సర్దుకుని మరీ నిలబడింది.

"ఇవాళ మామూలుగానే నడువు," అంది.

సాయంత్రం డ్యూటీ దిగగానే వెళ్లి బొమ్మను పీకి, ఔట్‌పోస్టు వెనక పడేసి, దాని చోట నిలబడింది. రెప్ప కూడా ఆచితూచి వేసింది. ఎర్ర బండి ఆగింది. వాడు ఈల వేస్తూ వచ్చాడు, కళ్లు ఆ పిల్ల మీదే. బొమ్మే అనుకుని చెయ్యి లాఠీ అక్క భుజం మీద వాల్చాడు. అది వెచ్చగా తగిలేసరికి ఈల ఆగిపోయింది.

ఆమె వాడి మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడడుగు, అక్క ఏమంటుందో."

వాణ్ణి స్టేషన్‌కు నడిపించింది. పిల్ల వెనకే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ ఎగాదిగా చూశాడు.

"బొమ్మేదమ్మా?"

"పీకేశాను సార్."

"సర్కారు సొత్తది. పాడైతే నీ జీతంలో కోత పడుతుంది."

ఎవరో నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు. కుర్చీ లాగి పిల్లను కూర్చోబెట్టింది.

"కోసుకోండి సార్. ముందు ఈ పిల్ల చెప్పేది రాసుకోండి. రేపు సాయంత్రం అక్కడ ఎవరు నిలబడతారో అదీ రాయండి."

మొదటిది రాశాడు. రెండోదాని దగ్గర ఆయన పెన్ను ఆగింది. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. ఆ పని ఆమెకు బాగా వచ్చు.