అమ్మకు వినపడిన వయొలిన్

పొద్దున్న ఏడింటికల్లా ఆవిడ లాండ్రీకి వెళ్ళి ఆసుపత్రి దుప్పట్లు మిషన్లలో వేసేది. ఆ హోరుకి మిగతావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. ఆవిడకా బాధ లేదు. ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది, తిరిగి మామూలుగానే మాట్లాడేది, కాస్త గట్టిగా.

ఆవిడకి వినపడేది ఒక్కటే, కొడుకు వయొలిన్.

వాడికి ఎనిమిదేళ్ళప్పుడు, ఎవరో ఇచ్చిన పాత వయొలిన్ మీద మొదటిసారి కమాను లాగాడు. కీచుమంది. వంటగదిలో ఆవిడ చేతిలోని గిన్నె జారిపోయింది. గిన్నె పడ్డ చప్పుడు వినపడలేదు గానీ ఆ కీచు మాత్రం వినపడింది. డాక్టరు పరీక్ష చేసి, ‘కొడుకు వయొలిన్ తప్ప ఏమీ వినపడదు’ అని చీటీ మీద రాసి, తర్వాతి పేషెంటుని పిలిచాడు. వీధిలోనూ ఎవరూ వింతగా చెప్పుకోలేదు.

వాడు పెద్దవాడయ్యాడు. రికార్డింగులు, కచేరీలు, మంచి పేరు. రోజుకి పన్నెండు గంటలు వాయించేసరికి భుజం పట్టేసింది. స్టూడియోలో పక్కన కూర్చునే కీబోర్డు స్నేహితుడు జేబులోంచి చిన్న పొట్లం తీశాడు.

"నొప్పీ తెలీదు, భయమూ తెలీదు. ఒక్కసారికేం కాదురా."

నిజంగానే తెలియలేదు. ఆ రోజు అందరూ తెగ మెచ్చుకున్నారు. ఒక్కసారన్నది వారానికోసారైంది, తర్వాత రోజూ అయింది.

ఒక ఆదివారం వాడు కళ్ళు మూసుకుని వాయిస్తుంటే తల్లి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒరేయ్, కమాను ఊరికే ఆడిస్తావేం? వాయించు."

"వాయిస్తూనే ఉన్నానమ్మా."

"నాకు వినపడట్లేదే!"

"వయసు మీద పడుతోందిగా, అందుకేమో" అన్నాడు. తర్వాత ఇంకేదో అన్నాడు గానీ, ఆవిడకి పెదాలు కనపడకుండా గోడవైపు తిరిగి అన్నాడు.

ఉన్న ఆ కాస్తా పోయిందనుకుని ఆవిడ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. చివరికి వయొలిన్ పెట్టె దులుపుతుంటే గుడ్డ కింద పొట్లాలు దొరికాయి. మత్తులో వాయించేదే తనకి వినపడట్లేదని, లోపం తన చెవుల్లో లేదని అప్పుడు తెలిసింది. అడిగితే కేకలేశాడు. బతిమాలితే తలుపేసుకున్నాడు. ఈలోపు వేళ్ళు వణకడం మొదలైంది. పాట మధ్యలో కునుకు తీశాడొకసారి. సంగీత దర్శకుడు వాణ్ణి బయటికి తీసుకెళ్ళి, "నీ చేతికి దండం పెట్టేవాణ్ణిరా. ఇక రాకు" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

తల్లి చెయ్యి పట్టుకుని చికిత్సకి తీసుకెళ్ళింది. మూడు నెలల తర్వాత సగమై వచ్చాడు. మర్నాడు పొద్దున్నే భయపడుతూ కమాను అందుకున్నాడు. చెప్పులేసుకుంటున్న ఆవిడ గుమ్మంలో అలాగే చతికిలబడింది. ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళింది.

నలభై రోజులు అలా గడిచాయి. లాండ్రీ ఇంటికి ఎదురే. మధ్యాహ్నం మిషన్లు ఆపాక, కిటికీ దగ్గర నిలబడి వినేది.

ఒక మధ్యాహ్నం ఆ కీబోర్డు స్నేహితుడు ఇంటికి వచ్చాడు. "నిన్ను మళ్ళీ రమ్మంటున్నారు. రేపే రికార్డింగ్." వెళ్తూ వెళ్తూ, "వణుకొస్తే ఉంటుందిలే" అని ఒక పొట్లం బల్ల మీద పెట్టాడు.

లాండ్రీలో ఆవిడ కిటికీ దగ్గరే ఉంది. వయొలిన్ మొదలైంది, తడబడింది, ఆగింది. మళ్ళీ మొదలుపెడతాడేమోనని ఆవిడ కాసేపు చూసింది. పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం తల ఊపుతూనే ఉంది.

"ఎందుకలా తలూపుతున్నావ్?"

"ఎంత బాగా వాయిస్తున్నాడో! నీకు వినపడట్లా?"

ఆవిడ చెప్పుల్లేకుండా రోడ్డు దాటింది. వెనకాలే ఇస్త్రీ ఆవిడ. ఇద్దరూ కలిసి గడియ విరిచేసరికి వాడు నేల మీద ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కమాను ఇంకా చేతిలోనే ఉంది.

"ఇన్నాళ్ళు మానేసిన ఒంటికి పాత మోతాదు విషమేనమ్మా. ఇంకో ఐదు నిమిషాలైతే దక్కేవాడు కాదు" అన్నాడు డాక్టరు. ఊపిరందని ఆ కాసేపట్లోనే మెదడు దెబ్బతింది. నడక వచ్చింది, మాట వచ్చింది. ఎడమచేతి వేళ్ళు మాత్రం మాట వినలేదు. ఏడాది చూశాక, ఇక రావన్నారు.

ఒక సాయంత్రం వాడు తల్లి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు, పెదాలు కనపడేలా.

"నేను పోయినా బాగుండేదేమోనమ్మా. నీకింకేం మిగిల్చాను?"

"నోర్ముయ్. వయొలిన్ పట్టకముందు కూడా నువ్వు నా కొడుకువే."

వాడికి అన్నం కలిపి, ముద్దలు చేసి పెట్టింది. మూతి తుడిచి, పడుకోబెట్టి, దీపం తీసేసి, వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా ఏడుస్తున్నాననే అనుకుంది. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆవిడకి తెలియదు. గోడకి ఇవతల కొడుకు మొత్తం విన్నాడు.