అడగకూడని మాట

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో కాలర్లు కుట్టే ఆమెను అందరూ మైకక్క అంటారు. మెషీన్లన్నీ ఒక్కసారిగా తిరుగుతున్నా ఆమె మాట గేటు దాకా వినపడుతుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని సూపర్‌వైజరు విసుక్కుంటాడు. నానబెట్టడానికి గిన్నెలున్నాయిగా, నోరెందుకంటుంది ఆమె.

ఆ మధ్యాహ్నం మైకక్క మహా హుషారుగా ఉంది. గుండీలు కుట్టే పిల్ల తన కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "నీది మొద్దుబారిపోయిందిగా అక్కా, ఇది ఉంచుకో," అని వెళ్లిపోయింది. మంచి కత్తెర. పిడికి మెత్తటి గుడ్డపీలిక చుట్టి ఉంది. పక్క మెషీను ఆమెకు చూపించి మురిసిపోయి, మైకక్క దాంతో ఒకటి రెండు కాలర్ల అంచులు కత్తిరించింది కూడా. ఇంకో కాలరు చేతిలోకి తీసుకుందో లేదో, ఆమె గుండెల్లో రాయి పడింది.

కుట్టుపని చేసేవాళ్లు అన్నం పంచుకుంటారు, కష్టం పంచుకుంటారు, కత్తెర మాత్రం ఇవ్వరు. కాగితం కత్తిరించడానికి అడిగితే కొట్లాటకొస్తారు. ఈ పిల్ల అయితే మరీనూ. ఆమధ్య ఎవరో చెప్పకుండా తీసుకున్నారని రోజంతా మూతి ముడుచుకుని కూర్చుంది. అలాంటిది తనంతట తాను తెచ్చి ఇచ్చేయడమేమిటి? ఇచ్చింది కదా అని మురిసిపోయినందుకు మైకక్కకు తన మీదే ఒళ్లు మండింది.

వాళ్ల పేటలో ఒక చిన్న గుంపు ఉంది. ఆసుపత్రి కౌన్సిలరు దగ్గర నేర్చుకుని, బతుకు మీద ఆశ పోయినవాళ్ల పక్కన కూర్చుంటారు. మందుల షాపాయన, బస్సు డ్రైవర్లు కొందరు, వాళ్లతో మైకక్క. ప్రాణంగా చూసుకునే వస్తువును ఉన్నట్టుండి ఇచ్చేస్తుంటే అనుమానించాలని అక్కడే చెప్పారు. అక్కడ అన్నిటికంటే ముందు నేర్పిన సంగతి, అనుమానం వస్తే డొంకతిరుగుడు లేకుండా అడగమని. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. తీరా నోరు తెరవాల్సి వచ్చేసరికి మైకక్కకే నాలుక పిడచకట్టుకుపోయింది.

దారపు కండెలు పెట్టే గదిలో పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. మైకక్క తలుపు దగ్గరగా వేసి ఆమె పక్కకు వెళ్లింది.

"చచ్చిపోవాలనుకుంటున్నావా, తల్లీ?"

పిల్ల ఒక కండె తీసి, మళ్లీ అక్కడే పెట్టింది. "నీకెవరు చెప్పారు?"

"నీ కత్తెర."

"ఎందుకని మాత్రం అడగకక్కా. నాకే తెలీదు. పొద్దున మెలకువ వస్తే, అయ్యో మళ్లీ వచ్చిందే అనిపిస్తుంది. అన్నయ్యకు చెప్తే బాగా నిద్రపో, అదే పోతుందన్నాడు."

"అడగనులే. ఇవాళ మాత్రం నిన్ను వదలను. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం. నేనుంటా పక్కన."

పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదక్కా," అంది. మైకక్క ఆమె తలను భుజానికి ఆనించుకుంది. భయం పోలేదు గానీ, అడిగినందుకు మైకక్కకు ప్రాణం లేచొచ్చింది.

బయటికి వచ్చేసరికి సూపర్‌వైజరు దారికి అడ్డంగా ఉన్నాడు. రెండు సీట్లు ఖాళీగా కనపడి వెతుక్కుంటూ వచ్చి, తలుపు దగ్గర అంతా విన్నాడు. విన్నవాడు ఊరుకోకుండా పిల్ల అన్నకు ఫోను చేశాడు.

"ఇక్కడ ఇలాంటి మాటలొద్దమ్మా. సాయంత్రానికి సరుకు పోవాలి. వింటే మిగతావాళ్ల బుర్రల్లోనూ ఇదే పురుగు దూరుతుంది. వాళ్లన్న వచ్చి ఇంటికి తీసుకుపోతాడు."

పక్క వీధిలోనే పని, అన్న రానే వచ్చాడు. బళ్లు బాగుచేసే చేతులు, గ్రీజు కూడా కడుక్కోలేదు. "నీరసం, అంతే. తిండి సరిగా తినదు. పద ఇంటికి," అని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇల్లు కాదు తమ్ముడూ, ఆసుపత్రి," అంది మైకక్క.

"ఆసుపత్రంటే ఊరంతా పాకుతుందక్కా. పిచ్చిదంటారు. మా పరువేం కావాలి?"

"మీ పరువు నిక్షేపంలా ఉంది. ఇంట్లో పెట్టి తాళం వేసుకో. బాగాలేనిది నీ చెల్లెలికి."

"ఇది మా ఇంటి విషయం."

"మా తమ్ముడిదీ ఇంటి విషయమే అన్నారు. వాడు పోయాక గుండెనొప్పని చెప్పారు. వాడి గుండెకేం, దుక్కలా ఉండేది. అలాంటి అబద్ధం నువ్వు నలుగురికీ చెప్పుకు తిరిగే రోజు నేను రానివ్వను."

అన్న చెల్లెలి చెయ్యి వదిలేశాడు. సూపర్‌వైజరు గేటు చూపించాడు. "ఇప్పుడు వెళ్తే రేపు రావద్దు."

"నా రేపటి సంగతి తర్వాత చూసుకుందాం సార్. ముందు ఈ పిల్లకు రేపనేది ఉండాలి."

ఒక మెషీను ఆగింది. తర్వాత ఇంకొకటి. పక్క మెషీను ఆమె చున్నీ సర్దుకుంటూ లేచి, "మేమూ విన్నాం సార్. మా బుర్రల్లో ఏ పురుగూ దూరలేదు. నేనూ వెళ్తున్నా," అంది. షెడ్డులో చప్పుడంతా అణిగిపోయింది. ఎంతమందిని రేపు రావద్దనాలో పాలుపోక సూపర్‌వైజరు పక్కకు జరిగాడు. అన్న వాళ్ల వెనకే నడిచాడు.

ఆసుపత్రి హాలు కిటకిటలాడుతోంది. వరసలో వాళ్ల వంతు వచ్చింది.

"ఏమిటి సమస్య?" కౌంటరులో గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"నీరసమండి," అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

మైకక్క నోరు తెరవబోయింది. పిల్ల ఆమెను చేత్తో ఆపి ముందుకు జరిగింది.

"నీరసం కాదండి. చచ్చిపోవాలనిపిస్తోంది. చావడం ఇష్టం లేక వచ్చాను."

గుమాస్తా కలం ఆగిపోయింది. వరసలోవాళ్లు మెడలు సాచి చూశారు. అన్న తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తాడు.

"మా చెల్లెలండి," అన్నాడు, అందరికీ వినపడేట్టు. "తను చెప్పిందే రాయండి."