ఆదివారం ఆరేసిన దుప్పట్లు

ఆదివారం ఎవరూ ఏ పనీ ముట్టని లూయిస్ దీవిలో ఆ రోజు తాడు మీద బట్టలు ఆరేయడమంటే, దేవుణ్ణి లెక్కచెయ్యనని ఊళ్ళో చాటింపు వేసుకున్నట్టే. ఇక డోలీనా సంగతి చెప్పనక్కర్లేదు. డెబ్బై మూడేళ్ళ మనిషి, ఆదివారం వండే బంగాళాదుంపల చెక్కు శనివారమే తీసి పెట్టుకునే రకం.

పక్కింటి ఇష్బెల్‌ది వేరే చర్చి సంఘం. విశ్రాంతిదినాన బట్టలుతికితే పాపం కాదని ఆమె నమ్మకం. మంచాన పడ్డ అత్తగారి దుప్పట్లు రోజూ తడుస్తాయి, ఉతకక తప్పదు. అయినా మూడేళ్ళుగా ఏ ఆదివారమూ వాటిని బయట ఆరేసింది లేదు. ఇంట్లోనే కుర్చీల మీద వేసుకునేది. ఆ కిటికీ అద్దాలకు పట్టిన ఆవిరిని డోలీనా చర్చికి వెళ్తూ ప్రతివారం చూసేది. అదంతా ఎవరి కోసమో ఆమెకు తెలుసు. కానీ ఒక్కసారీ నోరు విప్పి ఓ మంచి మాట అనలేదు. మొండిఘటం కదా.

ఓ ఆదివారం అత్తగారికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో పొడి దుప్పటి అన్నది మిగల్లేదు. ఇష్బెల్ గత్యంతరం లేక నాలుగు దుప్పట్లు ఉతికి బయట తాడు మీద వేసింది. చర్చికి పోయేవాళ్ళంతా ఆగి చూడసాగారు. డోలీనా వాళ్ళ సంఘపెద్ద ఫిన్లే గేటు దగ్గర నిలబడి, ఇలాంటివాళ్ళుంటే ఊరికే అరిష్టమని అందరికీ వినబడేలా అన్నాడు.

డోలీనా నల్లటోపీ సర్దుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, నేరుగా వెళ్ళి ఆ దుప్పట్ల పక్కన నిలబడింది. ఒక్క క్లిప్పు కూడా ముట్టుకోలేదు. ముట్టుకుంటే పని చేసినట్టవుతుంది మరి.

ఇదేం చోద్యమన్నాడు ఫిన్లే. వచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఉందని, అందులో పాలు పొందాలంటే కావలసిన సీసపు బిళ్ళ పెద్దల చేతిలో ఉంటుందని గుర్తుచేశాడు. నలభై ఏళ్ళుగా డోలీనాకు ఆ బిళ్ళ తప్పలేదు. భర్త పోయిన ఏడు కూడా తప్పలేదు.

“నా మనసు నొచ్చుకోకూడదని మూడేళ్ళు తడిబట్టల మధ్య కాపురం చేసిందా పిల్ల. ఒక్క పూట దాని పక్కన నిలబడకపోతే నేనేం విశ్వాసినిరా?” అంది. చిన్నప్పుడు ఫిన్లేకి పది ఆజ్ఞలు నేర్పింది ఆవిడే.

ఇష్బెల్ పరుగున బయటికొచ్చింది. “తీసేస్తాను పెద్దమ్మా. నా వల్ల మీకు మాట రానివ్వను.”

“ఆరనీ” అంది డోలీనా. అవి ఆరేదాకా కదల్లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి చర్చిలో ప్రసంగం తప్పిపోయింది.

శనివారం బిళ్ళలు పంచే వరుసలో నిలబడింది. తల దించలేదు. ఫిన్లే బిళ్ళను వేళ్ళ మధ్య పట్టుకుని, ఇవ్వకుండా అడిగాడు.

“ఆదివారం బట్టలారేయడం మీకిప్పుడు సమ్మతమేనా?”

“చచ్చినా ఆరెయ్యను. ఆరేసినవాళ్ళను వదిలెయ్యను కూడా.”

ఫిన్లే ఆ బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

మర్నాడు ఇష్బెల్ తాడు ఖాళీగా ఉంది. కిటికీ అద్దాల నిండా ఆవిరి. డోలీనా దారి మధ్యలో ఆగిపోయి, వెనక వస్తున్నవాళ్ళందరికీ చేతికర్రతో ఆ కిటికీని చూపించింది.

“లోపల నా కోసం బట్టలారేసుకుంటోంది” అంది గర్వంగా. “మా పక్కింటి పిల్ల.”