పీచు డ్రమ్ము అప్పీలు

చేపల పొలుసు గీసే డ్రమ్ముకి గవర్రాజు పేటెంటు అడిగితే ఆఫీసువాళ్లు కాగితం మొహాన కొట్టారు. లోపల ఇనప పళ్లకు బదులు కొబ్బరి పీచు తాడు పెట్టాడట, పీచుతో అంట్లు తోమడం ఊరందరికీ తెలుసట, అంచేత ఇది ఎవరికైనా తట్టేదేనట! మరి ఇన్నాళ్లూ ఒక్కడికీ తట్టలేదేం? ఆటోనగర్ అప్పుడే అతణ్ని పీచు గవర్రాజు అంటోంది. అప్పీలు కూడా పోతే ఆ పేరు చచ్చేదాకా వదలదు.

అప్పీలు వీడియోలో పెట్టారు. ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషిని సాక్షిగా తెమ్మన్నారు. ఉన్నది అక్క మొగుడు పైడయ్య, లేతు మెషీను దగ్గరే జుట్టు నెరిసినవాడు. చిక్కల్లా ఏమిటంటే, ‘నాకు తెలీదు’ అన్న మేస్త్రీ ఆటోనగర్లో ఇంతవరకు పుట్టలేదు. పరువు తక్కువని పైడయ్య ఆ డ్రమ్ము మూత ఎత్తి కూడా చూడలేదు.

"బావా, నీ కాళ్లట్టుకుంతాను. ‘నాకైతే తట్టదండి’ అని ఒక్క ముక్క సెప్పీ," అని బతిమాలాడు గవర్రాజు.

"సర్లేరా," అన్నాడు పైడయ్య. ఈలోగా షట్టరు బయట నలుగురు మేస్త్రీలు చేరారు. అదే కొంప ముంచింది.

అప్పీలు వినే మేడమ్ ఫోన్లో ‘ఇది మీకు తట్టేదేనా?’ అని అడగ్గానే పైడయ్య మీసం దువ్వాడు. "పీచే కదండీ! ఎవుడికైనా తడతాది."

అక్క మొగుడని కూడా చూడకుండా పీక పిసికేద్దామనిపించింది గవర్రాజుకి.

"అయితే మీరొకటి చేసి చూపించండి," అంది మేడమ్.

పైడయ్య ఖాళీ డ్రమ్ము లాగి, మధ్య ఇరుసుకి పీచు తాడు బిగించి, నాలుగు కానాగంత చేపలు పడేసి స్విచ్చేశాడు. చేపలు తాడుకి చుట్టుకుని పైకి లేచాయి. ఒకటి మేస్త్రీల మీద పడింది. ఇంకొకటి వచ్చి ఫోనుకి అతుక్కుంది. మేడమ్‌కి చేప కన్ను తప్ప ఇంకేమీ కనబడలేదు.

గవర్రాజు చేపని ఊడబీకాడు. మొహం నిండా పొలుసులతో పైడయ్య ఇంక ఉండబట్టలేక గవర్రాజు చేసిన అసలు డ్రమ్ము మూత ఎత్తాడు. తాడు లోపలి గోడకి, డ్రమ్ము తిరిగే వైపుకి ఎదురుగా చుట్టి ఉంది.

"ఓస్, ఇంతేనేటి! ఇది ఎవుడికైనా తడతాది!"

గవర్రాజు నేలమీద కూలబడ్డాడు.

ఫోన్లోంచి నవ్వు వినబడింది. "మూత ఎత్తాక కదండీ ఓస్ అన్నారు. ఎత్తకముందు మీకూ తట్టలేదు. మా ఆఫీసువాళ్లూ అదే చేశారు. అప్పీలు నెగ్గింది."

పైడయ్య పొలుసులు దులుపుకుని మేస్త్రీల వైపు తిరిగాడు. "సూసినారా? నానే గెలిపించినాను."

జన్మలో మొదటిసారి బావ నిజం చెప్పాడు. గవర్రాజుకి కడుపు మండింది అందుకే.